ఎండల్లో క్రిస్మస్ చేసిన అయ్యగారు

మా పాస్టరయ్యగారు పోయారన్న ఫోన్ వచ్చినప్పుడు నేను కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. ఫోన్ చేసింది ఆయన భార్యే, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ. "అయ్యగారు పోయిండు బిడ్డా. పొద్దుగాల, కామారెడ్డి దవాఖానల" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. మిగిలిన పప్పు ఏరి, డబ్బాలో పోసి మూత పెట్టి, అప్పుడు చీర మార్చుకుని బయలుదేరాను. పని సగంలో వదిలి లేవడం నాకు రాదు. అది తెలిసే ఆయన సంఘంలో పండుగ వంటల ఏర్పాట్లు, గిన్నెల లెక్క నాకు అప్పగించారు.

ఎల్లారెడ్డి చివర మాది రేకుల మందిరం. సంఘంలో సగం మంది చుట్టుపక్కల పల్లెల కూలీలు. దసరా కాగానే లారీలెక్కి మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోతారు. మళ్లీ ఉగాది దగ్గర పడితేనే వస్తారు. అందుకని డిసెంబరులో మా మందిరంలో చాపలు ఎక్కువ, మనుషులు తక్కువ. క్రిస్మస్‌కు గుమ్మానికి కాగితపు చుక్క కట్టేవాళ్లం, పాటలు పాడేవాళ్లం, మిగిలిన అన్నం పంచేవాళ్లం. అది అలా జరగాల్సిందేనని నేను కూడా అనుకునేదాన్ని.

ఒక ఏడు చెరుకు కొట్టి వచ్చిన గంగవ్వ, ఆరేళ్ల కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, ఆరాధన అయిపోయాక అయ్యగారిని అడిగింది. "అయ్యా, యాడాదికోపారి మేమొచ్చేటాళ్లకు మీరు ఏసయ్యను సిలువకు ఎక్కిస్తుంటిరి. పుట్టంగ ఒక్కపారన్న సూపియ్యకపోతిరి. మా పోరనికి ఆయన సచ్చుడే ఎరుక."

అందరూ నవ్వారు. గంగవ్వ కూడా నవ్వింది. అయ్యగారు నవ్వలేదు. ఆయనకు ఆలోచన పడితే కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచేవారు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నా తుడిచేవారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు.

మరుసటి ఆదివారం అటక మీది చుక్క దింపించారు. ఏప్రిల్ ఎండలో క్రిస్మస్ చేద్దామన్నారు.

మా సంఘ పెద్ద రిటైరైన టీచరు. ఆయన ఊరుకోలేదు. "అయ్యగారూ, ముంగట గుడ్ ఫ్రైడే ఉన్నది. ఎండల క్రిస్మసేంది? లోకం నవ్వదా?"

"సార్, మీరు పుట్టిన తారీఖెంత?"

"జూన్ ఒకటి."

"గది ఎవలు చెప్పిండ్రు? మీ అవ్వనా?"

"అవ్వకేం ఎరుక? బడిల చేర్చుకున్న సారు రాసిండు."

"మరి గా సారు రాసిన తారీఖు మీద నౌకరి జేస్తిరి, పింఛన్ తీసుకోవడ్తిరి. ఎన్నడన్న తప్పయిందా? దేవుడు క్యాలెండర్ కొనుక్కోడు సార్. మనమే కొనుక్కుంటం. మనుషులు వచ్చిన నాడే పండుగ."

సారు కోపంగా చెప్పులేసుకుని వెళ్లిపోయారు గానీ, పండుగ నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు.

నా అభ్యంతరాలు వేరు. ఆ ఎండకు పాలు విరుగుతాయి, పాయసం పెట్టలేం. కేకు కామారెడ్డి నుంచి వచ్చేసరికి క్రీమంతా కారిపోతుంది. ఇవి చెబితే ఆయన, "అయితే విరగనిదేదో నువ్వే చెప్పమ్మా" అన్నారు. పుచ్చకాయ అన్నాను. అంతే. ఆ ఏడు పుచ్చకాయ మీద కొవ్వొత్తి గుచ్చి, గంగవ్వ కొడుకు చేత కోయించారు. పాయసం బదులు చల్ల, బగారన్నం, కోడికూర. మిగిలింది ఏమీ లేదు. అన్నం గిన్నెలు ఖాళీగా తోముకోవడం మా మందిరంలో నాకు అదే మొదటిసారి.

తర్వాత ఏటేటా అదే ఆనవాయితీ అయింది. నాటకం కూడా వేయించేవారు. అందులో యోసేపు, మరియ లారీ దిగి వస్తారు, చెరుకాకు గుడిసెలో బిడ్డ పుడతాడు. మొదటి ఏడు చూస్తున్నవాళ్లలోంచి ఒకాయన, "అంత మంచిగున్నది గని, మన ముకద్దం ఏడి?" అని అరిచాడు. ముకద్దం అంటే కూలీలను కుదుర్చుకుని తీసుకుపోయేవాడు. మరుసటి ఏటి నుంచి సత్రం యజమాని పాత్ర పోయి ముకద్దం వచ్చాడు. అతను "జాగ లేదు, నడువుండ్రి" అన్నప్పుడల్లా చప్పట్లు ఆగేవి కావు. కామారెడ్డి నుంచి మా సంఘాల పెద్దలు ఒకసారి విచారించడానికి వచ్చారు. రెండు క్రిస్మస్‌లు ఎందుకని అడిగారు. "ఒకటి ఉన్నోళ్లకు, ఒకటి పోయొచ్చినోళ్లకు" అన్నారు అయ్యగారు. పెద్దలు భోంచేసి వెళ్లారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

లారీ దిగిన ప్రతివాళ్లనూ ఆయన మొదట అడిగే మాట, "గెడ తెచ్చినవా?" ఆఖరి రోజు కొట్టిన చెరుకులోంచి ఒక గెడ ఆయన కోసం తెచ్చేవారు. ఆయనకు షుగరు. అమ్మగారు మందలిస్తే, "ఇచ్చింది వద్దంటే అది షుగర్ కన్న పెద్ద రోగం" అని, ఒక కణుపు మాత్రం ఎడమ పక్క పళ్లతో నమిలేవారు. మిగిలింది పిల్లలకు పోయేది.

ఆయన పోయింది చలికాలంలో. సంఘంలో సగం మంది చెరుకు తోటల్లోనే ఉన్నారు. సమాధి దగ్గరి నుంచి నేను తోటలో ఉన్న గంగవ్వ వాళ్లకు వీడియో కాల్ పెట్టి ఫోన్ పట్టుకున్నాను. అవతల ఒక్క ఫోన్ చుట్టూ చాలా తలలు.

"అక్కా, జర వంచు. మాకు మన్నే కనవడ్తున్నది."

వంచాను. అప్పటికి కనబడడానికి మన్నే మిగిలింది. గుంత పూర్తిగా పూడకముందే సిగ్నల్ పోయింది. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి గంగవ్వ ఒకటే మాట అడిగింది. "అక్కా, మేమొచ్చినంకనే కూడిక పెట్టుండ్రి. మమ్ముల ఇడిశిపెట్టకుండ్రి."

పోయినవారిని తలుచుకునే కూడిక మా వాళ్లు కొద్ది రోజుల్లోనే పెట్టుకుంటారు. అమ్మగారి ఇంట్లో చాప మీద కూర్చుని బంధువులు ఆ సంగతే మాట్లాడుతున్నారు. గంగవ్వ మాట నేను చెప్పాను.

"కూలోళ్ల కోసమని ఉగాది దాక ఆగుతరా? నలుగురు ఏమంటరు?" అన్నాడు అమ్మగారి మరిది.

అమ్మగారు తల దించుకుని కూర్చున్నారు. ఇంతలో గోడకు ఆనుకుని కూర్చున్న రిటైర్డ్ సారు కదిలారు. "జూన్ ఒకటిన పుట్టినోన్ని నేను చెప్తున్న. తారీఖుదేమున్నది? మనుషులు రానియ్యుండ్రి."

అమ్మగారు తలెత్తి, "ఆగుదాం" అన్నారు.

మొన్న వాళ్లు వచ్చారు. లారీ ఇండ్ల వైపు పోకుండా సమాధుల దగ్గర ఆగిందని తెలిసి, అమ్మగారిని తీసుకుని నేనూ వెళ్లాను. మూటలు, గిన్నెలు లారీలోనే ఉన్నాయి. మనుషులు మాత్రం ఒక్కొక్క గెడ పట్టుకుని దిగారు. గంగవ్వ ఏడవలేదు. సమాధి వైపు చూసి, "పుట్టుక సూపిచ్చినవ్ అయ్యా. నీ సావు మాత్రం ఫోన్ల సూపిస్తివి" అంది. గెడ మన్ను మీద పెట్టింది. అందరూ అలాగే పెట్టారు.

ఆదివారం కూడిక జరిగింది. చుక్క కట్టమని అమ్మగారే నాతో చెప్పారు. సంతాపానికి చుక్కేమిటని మరిది అడిగితే, "ఆయనుంటే ఈ వారమే కట్టేటోడు" అన్నారు. పుచ్చకాయ కోశాం. బగారన్నం వండాం. ఏమీ మిగల్లేదు.

మరునాడు గిన్నెలు అప్పజెప్పి వస్తూ సమాధి దగ్గర ఆగాను. గెడలు కాస్త వాడాయి. కోసిన చివరల దగ్గర రసం చిక్కబడింది. చీమలు పట్టాయి. మా ఇంట్లో చక్కెర డబ్బా కింద నేను నీళ్ల పళ్లెం పెడతాను, ఒక్క చీమనూ ఎక్కనివ్వను. అక్కడ మాత్రం దులపలేదు. అవి ఎండలో, ఎక్కడెక్కడి నుంచో, వరుసగా వస్తూనే ఉన్నాయి.