పొయ్యికొక మందు

ఎనభైల్లో నేను మద్రాసులో కాలేయ జబ్బుల మీద పరిశోధన చేసేదాన్ని. కామెర్లు తగ్గినా రక్తంలో వైరస్ మిగిలిపోయినవాళ్ళకు నేలఉసిరి పనిచేస్తుందా అన్నది మా ప్రశ్న. కొందరికి ఆ పొడి నింపిన గొట్టం మాత్రలు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త పిండి మాత్రలు ఇచ్చేవాళ్ళం. ఆ సంగతి ముందే చెప్పేవాళ్ళం. ఎవరికి ఏది వెళ్ళిందో మాత్రం మాకూ తెలియదు.

మా తిరుత్తణి పక్క పల్లెలో ఇద్దరు తోడికోడళ్ళకు చెరొక డబ్బా ఇచ్చాను. మరుసటి నెల వెళ్ళేసరికి, రెండు డబ్బాల మాత్రలూ ఉప్పు జాడీ పక్కన ఒకే సీసాలో కలిసిపోయి ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. "ఏందక్కా ఈ పని?"

"ఒగే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళం. దానికొక మందు, నాకొక మందు అంటే ఊరు నవ్వదా?" అంది పెద్దామె.

ఆ ఇంటిని లెక్కలోంచి తీసేయమన్నారు మా పెద్ద డాక్టరు. ఒక్క ఇల్లు తీసేస్తే తీరుతుందా? మా వైపు ఇళ్ళన్నీ అంతే. మనిషికి కాదు, పొయ్యికి పంచాలని, ఒకింట్లో అందరికీ ఒకే రకం ఇవ్వాలని పట్టుబట్టాను. చివరికి ఒప్పుకున్నారు. పని మళ్ళీ మొదట్నుంచి మొదలైంది.

ఈసారి ఇద్దరికీ కలిపి ఒకే డబ్బా ఇస్తుంటే పెద్దామె అడిగింది.

"ఇది మందా, పిండా?"

"నాకూ తెలీదక్కా."

"తెలీకుండానే ఇంత దూరం వచ్చినావా?"

"తెలిసుంటే ఎందుకొస్తానక్కా?"