ప్రార్థన ఎత్తుకునే పిల్ల

బందరులో ఓ హైస్కూల్లో రోజూ ప్రార్థన ఎత్తుకునేది ఆఖరి క్లాసు, ఎస్సెల్సీ చదివే అన్నమ్మే. సముద్రపు ఒడ్డున ఉన్న గిలకలదిండి నుంచి ఇసుక కాళ్ళతో నడిచొచ్చి, ఓణీ చెంగు చూపుడువేలికి చుట్టుకుని, చిన్నగా గొంతు సవరించుకునేది. ఆ చప్పుడుకే హాల్లో చాపల మీద కూర్చున్న బడంతా లేచి నిలబడేది. మొదటి మాట ఒక్కటే ఆమెది. రెండో మాటకల్లా అందరి గొంతులూ కమ్మేసేవి. వాటి చాటున ఉన్నంతసేపూ ఆ పిల్లకు భయం లేదు. ఒక్కదాన్నే పాడమంటే మాత్రం జ్వరం వచ్చినంత పనయ్యేది.

వీడ్కోలు సభలో తోటివాళ్ళు ఒకరికొకరు బిరుదులిచ్చుకున్నారు. మంచి గొంతు ప్రభావతిది, మంచి పరుగు జబ్బారుది. అన్నమ్మను పిలిచి, "మా అందరినీ మొదలుపెట్టించే మనిషి" అని దండ వేశారు. "రెండు ముక్కలు మాట్లాడవే," అంది ప్రభావతి. అన్నమ్మ చెంగు వేలికి చుట్టుకుంది. గొంతు సవరించుకుంది. అంతే, హాలంతా లేచి నిలబడింది, హెడ్మాస్టరు గారితో సహా. ముందు తేరుకున్నదీ ఆయనే. "లేపావుగా అమ్మా, ఇక పాడు," అన్నారు. అన్నమ్మ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. రెండో మాట వచ్చింది, మూడోదీ వచ్చింది. ఆ పూట ప్రార్థన చివరిదాకా ఎవరూ గొంతు కలపలేదు.