పాఠాలకు ముందు పెట్టిన పరీక్ష

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో నేను చేసే ఉద్యోగం మనవాళ్లకు ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. స్కూళ్లలో ఏ కొత్త పథకం పెట్టినా, పాఠాలు మొదలవకముందే వెళ్లి, పిల్లలకు అప్పటికి ఏం వచ్చో చూసి రాసుకునేదాన్ని. దాన్ని బేస్‌లైన్ అనేవాళ్లం. మొదట ఎక్కడున్నారో తెలియకపోతే చివరికి ఎంత నేర్చుకున్నారో ఎవరు చెప్పగలరు? ఇంత చిన్న సంగతి కోసం ఆఫీసులో ఎంతమందితో పోట్లాడానో! అయినా అసలు పోట్లాట మనవాళ్లతోనే వచ్చింది.

ఆదివారాలు మా పిల్లలకు తెలుగు క్లాసు పెడదామనుకున్నాం. గుంటూరు నుంచి వచ్చిన ఒకావిడ తను వెళ్లే అమెరికన్ చర్చి పెద్దలను అడిగింది. నిజంగా అవసరం ఉందని చూపిస్తే బేస్‌మెంట్‌లో గది ఇస్తామన్నారు. ఆ చూపించే పని నా మీద పడింది. గది దొరక్కపోతే ఇక క్లాసు లేదు.

పిల్లలకు పరీక్ష ఉంటుందని అందరికీ ఫోన్ చేసి చెప్పాం. చెప్పింది తెలుగువాళ్లకి! పరీక్ష అన్న మాట చెవిన పడ్డాక మనవాళ్లు ఊరుకుంటారా? ఇంటింటా కోచింగ్ మొదలైంది.

ఆ ఆదివారం గుంటూరావిడ ఇంటికి పిల్లలు నున్నగా దువ్విన తలలతో వచ్చారు. తల్లిదండ్రులు గోడ వారన కూర్చున్నారు. "నీకేం ఆటంటే ఇష్టం?" అని అడిగితే, "నాకు తెలుగు బాగా వచ్చు" అన్నాడు మొదటివాడు. "పొద్దున ఏం తిన్నావు?" అంటే రెండో పిల్లదీ అదే మాట. రెండో క్లాసు చదివే మా అమ్మాయి మాత్రం "ఐ డోంట్ నో, అమ్మా" అంది. దానికి నేనేమీ బట్టీ పట్టించలేదు.

నాకు ఒళ్లు మండింది. పెద్దవాళ్లందరినీ బయటికి పంపి తలుపేశాను. మళ్లీ మొదటినుంచీ చూశాను. కుర్చీ జరపమంటే జరిపారు. కిటికీ మూయమంటే మూశారు. జోకు వేస్తే నవ్వారు. సొంతంగా ఒక్క మాట చెప్పమంటే మాత్రం ఒక్కరివల్లా కాలేదు. అంతా అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. అదే రాశాను.

మా తెలుగు సంఘం కార్యదర్శి ఒక డాక్టరుగారు, నాకంటే పెద్దాయన. నేను రాసింది చదివి, కారు దగ్గర నన్ను ఆపేశారు.

"ఏంటమ్మా ఇది? తెల్లవాళ్ల ముందు మన పరువు తీస్తావా? పిల్లలు ఫస్ట్ చెప్పినవి బాగానే ఉన్నాయిగా, అవే సబ్మిట్ చెయ్యి."

"అంత బాగా వస్తే గది దేనికండీ?"

"మా వాడికి రాదని రాస్తావా?"

"రాదు కాబట్టే రాశాను. పేషెంట్‌కి జ్వరం ఉంటే, పరువు పోతుందని లేదని రాస్తారా మీరు?"

"అలాగైతే మా పిల్లలు నీ క్లాసుకి రారు."

"మానెయ్యండి. మా అమ్మాయి ఒక్కదానికే చెప్పుకుంటాను."

చర్చి మీటింగ్‌కి మా అమ్మాయిని వెంటబెట్టుకునే వెళ్లాను. రాసింది రాసినట్టు చదివాను. మిగతా పిల్లల పేర్లు చెప్పలేదు. మా అమ్మాయి పేరు మాత్రం గట్టిగా చెప్పాను. వెనక వరసలో మనవాళ్లు తలలు దించుకున్నారు, నేను దించలేదు. చర్చి పెద్దల్లో ఒకాయన, "ఇంట్లో మీరు మాట్లాడతారు కదా, మరి వీళ్లకెందుకు రాలేదు?" అని అడిగాడు.

"అన్నీ మేమే చెప్పేస్తాం. వాళ్లని చెప్పనివ్వం" అన్నాను.

గది ఇచ్చారు.

తిరిగి వస్తుంటే కార్లో, అందరి ముందూ నా పేరెందుకు చెప్పావని అమ్మాయి ఇంగ్లీషులో నిలదీసింది. ఏదో ఒకటి చెప్పి ఊరడించొచ్చు. ఆ పని చెయ్యలేదు.

"నీకు తెలుగు రాదు కాబట్టి" అన్నాను.

మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. తర్వాత ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, కోపంగా, తెలుగులో అంది.

"నాకు... ఇప్పుడు... రాదు."