రాజేశం పటేల్ మందు

ఖానాపూర్‌లో రాజేశం పటేల్ పొట్ట ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. యాభై ఇంకా నిండలేదు, దవాఖానా మెట్లెక్కితే ఆయాసం. నిలబడ్డచోటల్లా బనీను పైకి లాగి, కండువాతో పొట్ట మడతల్లో చెమట తుడుచుకుంటాడు.

"పూటకు గిన్నెడు జొన్నగట్క, ఇంత తోటకూర తిను పటేలా. గదే నీకు మందు" అన్నాడు డాక్టరు.

రాజేశం మాట తప్పే మనిషి కాదు. అయితే మందు ఎప్పుడైనా అన్నం తిన్నాకే కదా వేసుకోవాలి! అందుకని నెయ్యి పోసుకున్న సన్నబియ్యం అన్నం, యాటకూర, గడ్డపెరుగు కడుపునిండా తిని, బ్రేవుమని తేన్చి, అప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని గట్క మింగేవాడు. దానిమీద తోటకూర. మందు వెగటు పోవాలని భార్య ఐలవ్వ దగ్గరుండి నోట్లో బెల్లంగడ్డ పెట్టేది.

నెల తిరిగేసరికి దవాఖానా తలుపులోంచి పక్కకు తిరిగి దూరాల్సి వచ్చింది.

"నీ మందు మస్తు గట్టిది సారూ, అరుగుతలేదు. జర అరిగే సూది వెయ్యి."

సంగతంతా విని డాక్టరు నెత్తి పట్టుకున్నాడు.

"గీ మందుకు పథ్యం ఉన్నది పటేలా. అన్నం, నెయ్యి, యాటకూర, బెల్లం ముట్టద్దు."

రాజేశం మొహం పాలిపోయింది.

"పథ్యమున్న మందా? గా మాట ముందుగాల చెప్పద్దా సారూ! నెలదినాలు పథ్యం లేకుంట మింగిన. ఇంకా ఎట్ల బతికున్ననో!"