పుట్టింటికి వచ్చిన పేర్లు

ఒక మనిషి దొంగ లెక్కలు రాసిందని నేను అచ్చులో పెట్టాను. ఆమె రాసింది నిజమేనని నాకు తెలిసింది. తెలిసిన తరువాత కూడా నా మాట వెనక్కి తీసుకోలేదు. 1986 నుంచి ఈ బరువు నాతోనే ఉంది. నాతో పాటు కాలేజీకి వచ్చింది, మద్రాసు వచ్చింది, నా సన్మాన సభల్లో నా పక్క కుర్చీలో కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ ముందు దించుకోగలుగుతున్నాను.

నాకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. ధర్మపురిలో అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మాది ఎన్నో తరాల కిందట ఈ తమిళ దేశంలో స్థిరపడిన తెలుగిల్లు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పింది. వైద్యానికి అయ్యే ఖర్చునూ, దానివల్ల జరిగే మేలునూ పక్కపక్కన పెట్టి తూచే శాస్త్రం నాది. ఆ రోజుల్లో మా వైపు దాన్ని చెప్పేవాళ్ళు లేరు. 'జ్వరానికి కూడా డిమాండు, సప్లై ఉంటాయా మేడం' అని పిల్లలు నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. తూకంలో తప్పు రాకూడదన్నదే నా పట్టుదల. విద్యార్థి కూడికలో ఒక్క అంకె తప్పితే పేజీ మొత్తం మళ్ళీ రాయించేదాన్ని.

ఆ ఏడాది మొదట్లో మద్రాసులోని ఒక సలహా సంస్థ నన్ను పిలిచింది. మా వైపు పల్లెల్లో చిన్న చిన్న ప్రసూతి కేంద్రాలు ఉండేవి. ఒక గది, ఒక నర్సు, ఒక ఆయా. వాటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేసి హైవే పక్కకు మార్చాలి అన్నది నేను తేల్చి చెప్పాలి. చిన్న ఊరి లెక్చరరుకు, అందులోనూ ఆడమనిషికి, అలాంటి పని రావడం అప్పట్లో మామూలు విషయం కాదు. నాకిచ్చిన ఊళ్ళలో మహేంద్రమంగళం దగ్గరి ఒక పల్లె కూడా ఉంది. దాని పేరు రాయను. అది నా పుట్టింటి ఊరు.

ప్రశ్నలు నేనే తయారుచేశాను. ఒకే పొయ్యి మీద వండుకుంటూ కనీసం ఆరు నెలలుగా ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళే ఆ ఇంటివాళ్ళు అని నిర్ణయించాను. పుస్తకాల్లో ఉన్న పద్ధతి అదే. నా విద్యార్థులు ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళ పేర్లు, గడిచిన ఏడాదిలో కాన్పయిందా, అయితే ఎక్కడ అయింది అని రాసుకొచ్చారు. మా పుట్టింటి ఊళ్ళో జవాబులు ఒకే రకంగా వచ్చాయి. కాన్పయిన కోడళ్ళలో దాదాపు అందరూ వేరే ఊళ్ళలో కన్నారు. సొంత ఊరి కేంద్రంలో కన్నవాళ్ళు ఏడుగురే.

అయితే అక్కడి నర్సమ్మ రిజిస్టరులో కాన్పులు నిండుగా ఉన్నాయి. నలభై ఒక్క పేర్లు. అందులో ముప్పై నాలుగు మా ఇంటింటి జాబితాలో కనబడలేదు. నేను వాటిని మూడుసార్లు సరిచూశాను. తరువాత రిపోర్టులో ఒక వాక్యం రాశాను: రిజిస్టరులోని పేర్లలో ఎక్కువ భాగం ఆ ఊళ్ళో లేని స్త్రీలవి కనుక ఆ నమోదులు నమ్మదగినవి కావు. మద్రాసు నుంచి సంస్థ డైరెక్టరు ఫోను చేశారు. మొత్తం రిపోర్టులో తనకు నచ్చింది ఆ వాక్యమే అన్నారు. ఇలాంటి కన్ను ఉన్నవాళ్ళే తమకు కావాలన్నారు. ఆ మాట విన్న రోజు నేను ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతుంది.

ఆఖరి ప్రతి పంపడానికి ఇంకా మూడు వారాలు ఉండగా మా పెదనాన్న కొడుకు ఇంట్లో మనవరాలిని తొట్టిల్లో వేస్తున్నామని కబురొచ్చింది. మా వదిన పెద్ద కూతురు వసంతకు పుట్టిన బిడ్డ. వెళ్ళాను. పసుపు, సాంబ్రాణి, ఇంటి నిండా ఆడవాళ్ళు. నన్ను చూడగానే వదిన అందరికీ వినబడేటట్టు మొదలుపెట్టింది.

"ఏమమ్మా ప్రొఫెసరమ్మా, నీ పిలకాయలు వచ్చి మా ఇంట్లో పురుడే లేదని రాసుకోని పోయినారంట. మరి ఈ తొట్టిల్లో ఉండేది ఏంది, పిల్లికూనా?"

"నువ్వేం చెప్పినావు వదినా వాళ్ళకు?"

"ఈ ఇంటి ఆడోళ్ళకు కానుపు అయినాదా అని అడిగినారు. కోడలికి అయినాది, పాలక్కోడులో వాళ్ళమ్మగారింట్లో అని చెప్పినాను. ఉండేది ఉన్నట్టే చెప్పినాను."

"వసంత సంగతి చెప్పలేదా?"

"వసంత ఈ ఇంటిదెట్లా అయితాది? ఇచ్చేసినాము గదా. ఏడో నెలలో వచ్చినాది, బిడ్డకు మూడో నెల నిండినాక పోతాది. దాని పేరు దాని మొగుని ఇంట్లో రాసుకోనీ."

వదినకు ఇంకా ఊపొచ్చింది.

"ఏం అట్ల చూస్తావు? నువ్వు మాత్రం నీ ఇద్దర్నీ యాడ కన్నావు? ధర్మపురిలో అంత పెద్దాసుపత్రి పెట్టుకోని ఈడికే గదా వచ్చినావు. ఈ నర్సమ్మ చేతిలోనే గదా అరిచినావు. పొలంలో ఉండే మీ అన్నకు వినిపించినాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకు మొత్తం అర్థమైంది.

ఆ ముప్పై నాలుగు పేర్లూ పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలవి. వచ్చి వెళ్ళేలోగా ఆరు నెలలు నిండవు. కాబట్టి నా లెక్క ప్రకారం వాళ్ళు ఆ ఇంటివాళ్ళు కారు. ఇచ్చేసిన పిల్లలు కనుక తల్లుల లెక్క ప్రకారమూ వాళ్ళు ఆ ఇంటివాళ్ళు కారు. ఊరి కోడళ్ళు తమ పుట్టిళ్ళలో కంటున్నారు. ఊరి కూతుళ్ళు వచ్చి ఇక్కడ కంటున్నారు. ఊళ్ళో కేంద్రం ఖాళీగా ఉందని నేను రాశాను, అది నిండుగా ఉంది. నేను కూడా రెండుసార్లు అదే గదిలో, అదే మంచం మీద పడుకున్నాను. నా ప్రశ్నలకు నేను కూడా దొరికి ఉండేదాన్ని కాదు. ఇంత చిన్న విషయం, మా ఇళ్ళలో పదేళ్ళ పిల్లకు తెలిసిన విషయం, నాకు ఎందుకు తట్టలేదు? ప్రశ్నలు రాసేటప్పుడు నేను ఆ ఊరి ఆడబిడ్డగా కాదు, మద్రాసు మెచ్చుకోవలసిన మనిషిగా కూర్చున్నాను. కారణం ఇంతే అనుకుంటాను.

ఇక్కడి వరకు జరిగింది తెలియక జరిగింది. దాన్ని గురించి నాకు పెద్ద బాధ లేదు.

తరువాత మూడు వారాలు ఉన్నాయి. ఇద్దరు విద్యార్థులను మళ్ళీ పంపితే చాలు, నాలుగు రోజుల్లో సరిదిద్దవచ్చు. కనీసం ఆ ఒక్క వాక్యం కొట్టేయవచ్చు. నేను దిద్దలేదు, కొట్టేయలేదు. ఎందుకు? భయమా? ఎవరూ నన్ను ఉరి తీసేవారు కాదు. డైరెక్టరుకు ఫోను చేసి, మీరు మెచ్చుకున్న ఆ ఒక్క వాక్యమే తప్పండీ అని చెప్పాలి. ఆ మాట నా నోట రాలేదు. ఒకరి కూడిక తప్పితే పేజీ మొత్తం తిరిగి రాయించే నేను, నా పేజీ దగ్గరికి వచ్చేసరికి కలం మూసి పెట్టాను. రిపోర్టు అలాగే వెళ్ళింది.

దాని మీద ఆరోగ్య శాఖవాళ్ళు విచారణ వేశారు. ఆ నర్సమ్మ పేరు సరోజ. సేలం వైపు తమిళమ్మాయి. మా ఊరి ఆడవాళ్ళ నొప్పుల మధ్య తెలుగు నేర్చుకుంది. విచారణకు వచ్చినవాళ్ళు రిజిస్టరు పట్టుకొని ఇళ్ళకు వెళ్ళి ఆ పేర్లు అడిగారు. ఆ పిల్లలు అప్పటికే అత్తగారిళ్ళకు వెళ్ళిపోయారు. ఆఫీసరు వచ్చి ఆడపిల్ల పేరెత్తేసరికి ఏ గొడవో అని పెద్దవాళ్ళు బెదిరి, ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ ఉండడం లేదన్నారు.

అప్పుడు సరోజ మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇచ్చాను. తాగి, లోటా తనే కడిగి పెట్టింది. "మేడం, మీరు ఆ ఊరి ఆడబిడ్డ. ఆ పేర్లన్నీ మీరు ఎత్తుకోని ఆడించిన పిల్లకాయలవే. వచ్చి ఒక్క మాట చెప్పండి, చాలు" అంది. అది డిపార్టుమెంటు విచారణ, బయటివాళ్ళు కలుగజేసుకోకూడదు అన్నాను. ఎంత శుభ్రమైన మాట. ఎంత సరిగ్గా అన్నానో ఇప్పటికీ నా చెవులకు వినబడుతుంది. ఆమె నన్ను కాసేపు చూసి, సరే మేడం అని వెళ్ళింది.

దొంగ నమోదులని తేల్చారు. ఆమెకు జీతం పెంపు ఆపి, కొండల వైపు ఎక్కడో వేశారు. కేంద్రం మూతపడింది. ఆ తరువాత మా ఊరికి పురిటికి వచ్చిన పిల్లలను బండ్ల మీద పాలక్కోడు ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. దారిలో ఎవరికి ఏమైందో నేను వాకబు చేయలేదు. ఏదైనా విన్నా, కేంద్రం ఉంటే అలా జరిగేది కాదని ఒక్క సంఘటనతో రుజువు కాదు అనుకునేదాన్ని. పాఠంగా అది సరైన మాటే. నేను మాత్రం దాన్ని దుప్పటిలా కప్పుకున్నాను.

నాకు పనులు వచ్చాయి. ఎన్నో జిల్లాలు తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ప్రశ్నల్లో మొదట రాయించేది ఒకటే: పురిటికి వచ్చిన ఆడపిల్ల ఎవరైనా ఇంట్లో ఉన్నారా? ఈ జాగ్రత్తకు నన్ను మెచ్చుకున్నారు. క్లాసులో కూడా ఏటా ఈ కథ చెప్పేదాన్ని, ఎవరో ఒక పరిశోధకురాలు ఇలా పొరబడింది అని. ఆమె ఎవరు మేడం అని ఒకసారి ఒక అమ్మాయి అడిగింది. పేరుతో మనకు పని లేదు అన్నాను. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను. అయినా మరుసటి ఏడాది అదే పాఠం చెప్పాను.

వదిన పోయింది. డైరెక్టరు కూడా పోయారని విన్నాను. ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. అలా అనుకున్న రోజే ఎందుకో భయం పట్టుకుంది. నేను కూడా పోతే ఆమె దొంగ కాదని రాసి ఇవ్వగల మనిషి ఎవరూ మిగలరు. వసంతను అడిగాను. ఆ నర్సమ్మ నల్లంపల్లిలో కొడుకు దగ్గర ఉందని చెప్పింది.

జరిగింది తమిళంలో ఒక పేజీ రాసి, కింద నా పూర్తి పేరు, ఒకప్పటి నా ఉద్యోగం రాసి, సంతకం పెట్టి తీసుకెళ్ళాను. నల్లంపల్లిలో రోడ్డు మీద లారీలు. కొడుకు టైర్ల షాపు వెనకే ఇల్లు. సరోజ నన్ను గుర్తుపట్టింది. కూర్చోమంది. నేను నోటితో అంతా చెప్పాను, వదిన ఎగతాళి చేసిన రోజుతో సహా. ఆమె మధ్యలో ఆపలేదు. తరువాత కాగితం అందుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి నుంచి చివరి వరకు చదివింది. ఒక చోట వేలు పెట్టింది.

"ఈడ పొరపాటు జరిగింది అని రాసినారు మేడం."

అవునన్నాను.

"మొదట జరిగింది పొరపాటే. నేను మీ ఇంటికి వచ్చిన పొద్దు జరిగింది పొరపాటు కాదు. మీకు తెలుసు. మీ ముఖం చూసే లేచి వచ్చేసినాను. అది కొట్టేసి రాయండి."

కలం తీసి ఆ మాట కొట్టేశాను. పైన, తెలిసే చేశాను, అని రాశాను. పక్కన మళ్ళీ సంతకం పెట్టాను. ఆమె కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. పరవాలేదు అనలేదు. కాఫీ తాగుతారా అని అడగలేదు. దాన్ని ఎవరికి చూపిస్తుందో, అసలు చూపిస్తుందో లేదో నేను అడగలేదు. అది ఇప్పుడు ఆమె వస్తువు.

ఆ కాగితంలో నా పేరు ఉంది. ఇక్కడ లేదు. పేరు ఉండవలసిన చోట పెట్టాను. ఇక్కడ రాస్తే మా ఊరు బయటపడుతుంది, ఇదంతా ఏమీ ఎరగని ఆ తల్లులు చెప్పిన అబద్ధంగా మిగులుతుంది. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను ఒక్కదాన్నే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ధర్మపురి వచ్చేదాకా నిద్రపోయాను. కండక్టరు లేపి, అవ్వా, ఊరొచ్చింది దిగండి అన్నాడు.