దీపం ఎవరు పెడుతున్నారు?

2024 జూన్. సర్రీలో స్కైట్రెయిన్ స్టేషన్‌కి దగ్గర్లో ఒక కమ్యూనిటీ సెంటర్, రెండో అంతస్తు. కెనడాకి కొత్తగా వచ్చిన ఆడవాళ్లకి ఇంగ్లిష్ నేర్పే క్లాసు. ఆ గదిలోకి నేనొక గుడ్డసంచి పట్టుకుని వెళ్లాను.

సంచి సంగతి చెప్పేముందు ఒక మాట చెప్పెయ్యాలి, ఆపుకోలేకపోతున్నాను. నాకు డిగ్రీ వచ్చింది! హెల్త్ సైన్సెస్‌లో, ఈ నెలలోనే, అంటే ఆ క్లాసు జరిగిన ఏడాదికి. మా అమ్మ నిజామాబాద్‌లో బీడీలు చుట్టి నన్ను చదివించింది. నాన్న రైస్ మిల్లులో హమాలీ. మా ఇంట్లోగానీ, మేనమామల ఇళ్లలోగానీ పదో తరగతి దాటినవాళ్లు లేరు. ఇక్కడికి డిప్లొమా కోసం వచ్చి, ముసలివాళ్లకి స్నానాలు చేయించే పని చేసుకుంటూ, పీఆర్, అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతి, వచ్చాక ఒక్కో కోర్సూ కూడబెట్టి డిగ్రీ పూర్తి చేశాను. వీడియో కాల్‌లో గౌను చూసి మా అమ్మ, "గీ నల్లంగి ఏందే, వకీలువైనవా?" అంది. నవ్వీ నవ్వీ నా టోపీ కింద పడింది.

ఈ వార్త అమ్మ తర్వాత నేను చెప్పాలనుకున్న మనిషి ఒకరున్నారు. ఆవిడ ఇప్పుడు లేరు. ఇది ఆవిడ కథ.

నా ఉద్యోగం పేరు కమ్యూనిటీ హెల్త్ వర్కర్. డాక్టర్నీ కాను, నర్సునీ కాను. డాక్టర్లు చెప్పేది జనానికి అర్థమయ్యేలా మోసుకుపోయే మనిషిని. ఆ రోజు మోసుకుపోయింది సర్వికల్ స్క్రీనింగ్, అంటే గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ రాకముందే కనిపెట్టే పరీక్ష గురించి. ఇంగ్లిష్ ఇంకా సరిగా రాని క్లాసుకి బొమ్మల స్లైడ్లు చూపిస్తే సిగ్గుతో తల దించుకుంటారు, ఏమీ ఎక్కదు. అందుకే తాడు లాగితే మూతి మూసుకునే గుడ్డసంచి కుట్టించుకున్నాను.

"ఇది గర్భసంచి. ఇదిగో, ఈ మూతి. దీన్ని సర్విక్స్ అంటారు. క్యాన్సర్ మొదలయ్యేది ఇక్కడ."

ముందు వరసలో ఉన్న హర్జీత్ అనే పంజాబీ ఆవిడ సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, వచ్చిన ఇంగ్లిష్‌లో అంది: "మై బ్యాగ్, ఫోర్ కిడ్స్. నోబడీ కాల్స్!"

క్లాసంతా నవ్వు. టీచర్ లిండా కూడా కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వులోంచి వెనక బెంచీ నుంచి తెలుగు వినిపించింది.

"బిడ్డా, మా ఆయన పోయి ఏండ్లాయె. నా సంచికి తాళమేసి తాళంచెయ్యి గోదాట్ల పారేసిన. ఇప్పుడు దాన్ల జూసేదేముంది?"

ఆవిడ రాజమణమ్మ. అరవై దాటిన మనిషి, కరీంనగర్ వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి కొన్నేళ్లయింది. ఆ క్లాసులో తెలుగు ఆవిడ తనొక్కతే.

"తాళం వెయ్యకముందే వచ్చుంటది రాజమణమ్మా," అన్నాను. "హెచ్‌పీవీ అని ఒక వైరస్. మొగుడూ పెళ్లాల మధ్య అంటుకునేదే, తప్పు చేసినోళ్లకే వచ్చేది కాదు. చానామందికి వచ్చి పోతది. కొందరిల మాత్రం ఏండ్లకేండ్లు సప్పుడు చెయ్యకుండ పండుకుంటది."

"నా లెక్కనే అన్నట్టు. నేను గూడ మా కొడుకింట్ల సప్పుడు చెయ్య," అని నవ్వింది.

క్లాసు చివర, మాకు ఇచ్చిన ప్రశ్నలు అడిగాను. అందులో ఒకటి, ఎవరికైనా అబ్నార్మల్ బ్లీడింగ్ ఉందా అని. అందరూ కలిసి "నో" అన్నారు. వాళ్లు బాగా నేర్చుకున్న మొదటి ఇంగ్లిష్ మాట అదే మరి.

తర్వాతి వారం కిట్లు తీసుకెళ్లాను. డాక్టర్ ముందు బట్టలు విప్పి పడుకోనక్కర్లేకుండా, బాత్రూమ్‌లో ఎవరికి వాళ్లే పుల్లకి చుట్టిన దూదిలాంటి దానితో నమూనా తీసి పోస్టులో పంపే కిట్ అది. ల్యాబ్‌లో అందులో హెచ్‌పీవీ ఉందేమో చూస్తారు. మా వాళ్ల సిగ్గుకి ఇంతకన్నా మంచి మందు లేదు. అందరికన్నా ముందు చెయ్యి చాపింది ఎవరనుకున్నారు? తాళంచెవి గోదాట్లో పారేసిన రాజమణమ్మే. కిట్ అందుకుని హ్యాండ్‌బ్యాగ్ అడుగున, ఉన్నికోటు కింద దాచుకుంది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మధ్యలో టీ. లిండా తెచ్చిన డోనట్‌లో గుడ్డు లేదని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ రాజమణమ్మ ఒక ముక్క తింది. అంతలో ఫిజీ నుంచి వచ్చిన సరోజ్ గుడి నుంచి తెచ్చిన హల్వా ప్రసాదం పంచుతూ ఆవిడ దగ్గరికొచ్చింది. రాజమణమ్మ రెండు చేతులూ వెనక్కి తీసుకుని, చీర కొంగు సరోజ్‌కి తగలకుండా దగ్గరికి లాక్కుంది.

"ఫాస్టింగ్?" అంది సరోజ్.

"యెస్, యెస్. ఫాస్టింగ్."

పెదవి మీద డోనట్ చక్కెర ఇంకా అలాగే ఉంది.

నేను కప్పు కింద పెట్టాను. చేతులు అలా వెనక్కి తీసుకోవడం, కొంగు అలా దగ్గరికి లాక్కోవడం నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. నెలనెలా ఆ రోజుల్లో మా అమ్మ దేవుడి గూటి ముందు నుంచి నడిచేటప్పుడు అచ్చం అలాగే నడిచేది. కానీ మా అమ్మకి అప్పుడు ముప్పై ఏళ్లు.

ఇంటి దగ్గర దింపుతానని రాజమణమ్మని నా కారెక్కించుకున్నాను. కారు బయటికి తీయకుండానే అడిగాను.

"ప్రసాదం ఎందుకు ముట్టలే?"

"చెప్పిన గద, ఒక్కపొద్దని."

"ఇంట్ల దీపం ఎవరు పెడ్తున్నరు?"

ఆవిడ అద్దంలోంచి బయటికి చూసింది. పార్కింగ్‌లో ఎవరో బండిలోకి సామాన్లు ఎక్కించుకుంటున్నారు. వాళ్లు వెళ్లాక అంది.

"కోడలు పెడ్తది. నాకు మోకాళ్లు నొస్తున్నయని చెప్పిన."

"ఎప్పటిసంది?"

"మొన్నటి బతుకమ్మకు పూలు గూడ పేర్వలే, బిడ్డా. ఆగుతది, మళ్ల వస్తది. అన్నీ బందయి ఎన్నేండ్లాయె! ఈ ముసలితనంల నాకిదేం రోగం? ఎవలకన్న చెప్తే నవ్వరా?" హ్యాండ్‌బ్యాగ్‌ని రెండు చేతులతో ఒళ్లోకి నొక్కుకుంది. "గందుకే ఇది తీస్కున్న. బాత్రూమ్‌ల జేస్కుంట. ఎవలకు తెల్వదు."

అప్పుడు నా పనిలో అన్నిటికన్నా కష్టమైన మాట చెప్పాల్సి వచ్చింది. స్క్రీనింగ్ అనేది ఏ బాధా లేనివాళ్ల కోసం. నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడితే దాన్ని స్క్రీనింగ్‌కి వదలకూడదు. డాక్టర్ కళ్లతో చూడాలి, అదీ వెంటనే. కిట్‌లో ఏమీ లేదని వచ్చినా ఆ రక్తానికి జవాబు దొరికినట్టు కాదు.

"రాజమణమ్మా, ఇది నీకు కాదు. ఇట్లియ్యి."

"ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకుంటవా?"

ఇవ్వలేదు. నేనే బ్యాగులో చెయ్యి పెట్టి తీసుకున్నాను. ఆవిడ నన్ను ఆపలేదు, నా వైపు చూడనూ లేదు.

"కొడుక్కు తెల్వద్దు," అంది చివరికి. "మొగ డాక్టరు వద్దు. నువ్వు పక్కన ఉండాలె. గట్లయితేనే వస్త."

మూడూ కుదిర్చాను. మా హెల్త్ సెంటర్లో గ్రేస్ అనే నర్స్ ప్రాక్టిషనర్ ఉంది. అంటే డాక్టర్ చేసే పరీక్షలు చాలావరకు చేసి, మందులు రాయగలిగిన నర్సు. ఆ వారంలోనే చూసింది. రాజమణమ్మ గోడవైపు మొహం తిప్పుకుని నా మణికట్టు పట్టుకుంది. గ్రేస్ ఎప్పుడూ పరీక్ష చేస్తూ వాన గురించో, మనవల గురించో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. ఆ రోజు సగంలో మాట ఆగిపోయింది. లైటు కొంచెం దగ్గరికి జరుపుకుని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఏమంటుంది బిడ్డా?"

"చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంటుంది."

"నీ మొకం గట్ల లేదు."

బయాప్సీ అంటే అదే, చిన్న ముక్క తీసి చూడటం. దాని తర్వాత స్కానులు. క్యాన్సర్ సంచి మూతి దాటి పక్కలకి పాకింది. ఒక వైపు కిడ్నీ నుంచి వచ్చే గొట్టాన్ని నొక్కేస్తోంది. ఈ జబ్బు ఒక రాత్రిలో రాదు, క్యాన్సర్ అవ్వకముందే పట్టుకోవడానికి ఏళ్ల వ్యవధి ఇస్తుంది. ఆ ఏళ్లలో ఆఖరి కొన్నేళ్లు రాజమణమ్మ సర్రీలోనే, పరీక్ష ఉచితంగా చేసే ఊళ్లోనే ఉంది.

కొడుక్కి తనే చెప్తానంది, నన్ను పక్కన కూర్చోమంది. కొడుకు శ్రీకాంత్ ఐటీ ఉద్యోగి, నెమ్మదస్తుడు. విని, బల్లమీద గోరుతో గీస్తూ అన్నాడు.

"నీ బీపీ గోళీలు నెలనెలా నేనే తెస్తున్న గదనే అమ్మా. ఒక్క మాట చెప్పొద్దా?"

"కొడుక్కు చెప్పే ముచ్చటనారా ఇది?"

కోడలు స్వాతిది విజయవాడ. వంటింటి పక్కన దేవుడి అల్మరా దగ్గర నిలబడి ఉంది. "రోజూ నేనే పెట్టాను దీపం," అంది, ఎవరితోనో తెలియకుండా. "అత్తయ్య అదిగో, ఆ ఫ్రిజ్ దగ్గర నిలబడి చూసేది. మోకాళ్లంటే మోకాళ్లే అనుకున్నానండీ. ఫ్రిజ్ దాకా నడిచొచ్చే మనిషికి ఇక్కడిదాకా మోకాళ్లేమిటని అనుకోలేదు."

రేడియేషన్, దాంతో పాటు కీమో మొదలయ్యాయి. డాక్టర్ చెప్పేవన్నీ నేను తెలుగు చేస్తుంటే ఆవిడ అడిగింది ఒకటే: "నెత్తురు ఆగుతదా?" ఎన్నాళ్లు బతుకుతానని ఒక్కసారీ అడగలేదు.

ఆగింది. చలికాలం మొదట్లో ఒక పొద్దున ఫోన్ చేసింది. "బిడ్డా, ఇయ్యాల దీపం పెట్టిన." అంతే, ఫోన్ పెట్టేసింది. ఆ వారాల్లో చూడ్డానికి వెళ్తే మంచి హుషారుగా ఉండేది. నా చదువు గురించి ఎప్పుడూ అడిగినట్టే అడిగేది.

"పట్టా ఎప్పుడొస్తది?"

"ఇంకా రెండు కోర్సులున్నయమ్మా."

"జెల్ది తెచ్చుకో. పట్టా ఉంటే నువ్వు చెప్పింది జనం ఇంటరు. ఇప్పుడైతే సంచి పట్టుకొని తిరిగే పోరి అనుకుంటరు."

మంచు పడ్డాక రక్తం తిరిగొచ్చింది. ఈసారి ఊపిరితిత్తుల్లో కూడా ఉంది. చివర్లో హాస్పిస్‌కి మార్చారు, అంటే నయం చేసే వైద్యం మానేసి నొప్పి లేకుండా చూసుకునే చోటు. ఆక్సిజన్ పెట్టే గదుల్లో మంట వెలిగించకూడదు. స్వాతి బ్యాటరీతో వెలిగే చిన్న దీపం కొని, దేవుడి పటం పక్కన పెట్టింది.

"అత్తయ్యా, ఈ బటన్ నొక్కండి చాలు."

రాజమణమ్మ చెయ్యి దుప్పటి మీదే ఉంచింది.

"దేవుడేమీ అనడు రాజమణమ్మా," అన్నాను నేను.

"దేవుడేమంటడో నాకెర్కలేదు బిడ్డా. నాకు చెయ్యి రాదు."

మళ్లీ అడగలేదు. ఇది తప్పని ఆవిడకి పాఠం చెప్పడానికి అది సమయమూ కాదు, నేను ఆ పని చేసే మనిషినీ కాదు. బటన్ స్వాతే నొక్కింది. చనిపోయిన రోజు కూడా స్వాతే.

డిగ్రీ చేతికొచ్చిన వారానికే సెంటర్‌లో నా ఉద్యోగం మారింది. ఇప్పుడు హెల్త్ ఎడ్యుకేటర్‌ని. అంటే క్లాసులో ఏం అడగాలో నేనే రాసుకోవచ్చు. రాజమణమ్మ అన్నది నిజమే, పట్టా ఉంటే వింటారు. మొదట మార్చింది ఆ బ్లీడింగ్ ప్రశ్న. ఆడమనిషి తన ఒంటి సంగతి నోటితో చెప్పకపోవచ్చు, ఆఖరికి తనకి తనే చెప్పుకోకపోవచ్చు. కానీ ఏ పని మానుకుందో అడిగితే అది చెబుతుంది.

పోయిన వారం కొత్త బ్యాచ్. అదే గది, అదే గుడ్డసంచి. చివర్లో అడిగాను: "నెలసరి ఆగిపోయిన తర్వాత ఎప్పుడైనా, ఒంట్లో బాగోక మళ్లీ దీపం పెట్టడం మానాల్సి వచ్చిందా? గుడికి వెళ్లడం? నమాజు చేయడం?" ఇంగ్లిష్‌లో, చిన్న చిన్న మాటల్లో, నిదానంగా.

ఈసారి కలిసి ఎవరూ "నో" అనలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఎవరి సంచి వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. కిటికీ పక్కన కూర్చునే, వయసు మళ్లిన ఆఫ్ఘన్ ఆవిడ మాత్రం, ఎవరూ చెప్పకపోయినా కుర్చీలు మడవడం మొదలుపెట్టింది. గది మొత్తం ఖాళీ అయ్యేదాకా మడిచింది. ఆఖరి కుర్చీ చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"నో ప్రే," అంది. కిటికీ బయట ఎండలోకి చెయ్యి చూపించింది. సరైన మాట కోసం వెతుక్కుని అంది: "సిన్స్ స్నో."

ఆ కుర్చీ తన చేతిలోంచి తీసుకుని, విప్పి, కూర్చోమన్నాను. గ్రేస్‌కి ఫోన్ చేశాను.