పట్వారీ, మామ టైరు చెప్పులు

ఉద్యోగం కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. మైసూరు పేరు మారి మా రాష్ట్రం కర్ణాటక అయిన కొత్తలో, మా బడి బోర్డు మీద ఇంకా పాత పేరే ఉందని హెడ్మాస్టరు ప్రాణం తోడేసి, చివరికి రంగుడబ్బా నేనే పట్టుకుని నిచ్చెనెక్కాను. (అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆ సంగతి ఇప్పటికీ ఎవరూ మరిచిపోలేదు.) లోకంలో ఏ తప్పు కనిపించినా సాయంత్రంలోగా సరిచేయకపోతే నాకు అన్నం సయించేది కాదు. మా ఊరు మంగళగి నుంచి బీదరుకు వచ్చి మా మేనమామ ఇంట్లో ఉంటూ బడికి వెళ్లేదాన్ని. పాపం, ఆయనకు నా సంగతి ముందే తెలిసి ఉంటే వేరే ఇల్లు చూసుకోమనేవాడు.

మామ గాంధీ గంజ్‌లో, అంటే ధాన్యం బజారులో, తూకం వేసేవాడు. అత్తయ్య పోయాక ఆయనకు తోడు ఒక తీతర్, అంటే కౌజు పిట్ట. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కడో చేలో దొరికితే తెచ్చి జేబులో పెట్టుకుని పెంచాడు. పేరు పట్వారీ. ఎందుకంటే బయటికి వదిలితే పొలం కొలవడానికి వచ్చిన అధికారిలా మెడ నిగిడించి నడిచేది. మా వైపు తీతర్ పెంచేవాళ్లు సాయంత్రం దాన్ని పంజరంలోంచి తీసి షికారుకు తీసుకుపోతారు. మనిషి ముందు, పిట్ట వెనక, దారిలో చెదలు ఏరుకు తింటూ. గంజ్‌కు బూట్లు వేసుకుపోయే మామ, ఈ షికారుకు మాత్రం టైరు చెప్పులు తొడిగేవాడు. టపటపమని అవి చప్పుడు చేస్తుంటే పట్వారీ వెనకే పరుగు.

అంతవరకు బాగానే ఉంది. ఆదివారాలు మాత్రం మామ దాన్ని ఊరవతల కొల్హార్ వైపు పొదల దగ్గర పెట్టి చుట్టూ ఉచ్చులు పన్నేవాడు. అది కూసేది. అడవి కౌజులు జవాబిస్తూ వచ్చి చిక్కేవి. ఆ రాత్రి జొన్నరొట్టెలోకి కూర. నేనూ తిన్నాను, అబద్ధమెందుకు, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను. అయితే ఒక శనివారం బడిలో పక్షుల స్వేచ్ఛ గురించి పాఠం చెబుతూ గొంతు జీరబోయేలా మాట్లాడుతుంటే, ముందు వరుసలో అమ్మాయి లేచి, "టీచర్, మీ ఇంట్ల తీతర్ ఉన్నది గద?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒంటిపూట బడి. ఇంటికొచ్చాను కానీ కాలు నిలవలేదు. వంటింట్లోకి, వాకిట్లోకి, మళ్లీ పంజరం దగ్గరికి. తన వాళ్లను తానే పిలిచి చంపించే బతుకు ఇది, ఈ పాపం ఈ రోజే ఆపాలి అనుకున్నాను. మామ గంజ్ నుంచి సాయంత్రానికి గానీ రాడు. నా చెప్పు పట్టీ తెగి ఉంటే వాకిట్లో ఉన్న మామ టైరు చెప్పులు తొడుక్కుని పంజరం పట్టుకుని బయలుదేరాను.

ఊరు దాటాక కొల్హార్ దారిలో ఎర్ర మొరం దిబ్బల దగ్గర తలుపు తీసి "పో, నీ ఇష్టం" అన్నాను. అది కదల్లేదు. పంజరం వంచితే దిగి చెదలు తినసాగింది. కళ్లు తుడుచుకుని, ఖాళీ పంజరం పట్టుకుని వెనక్కి తిరిగి నడిచాను. టపటప. చూస్తే పట్వారీ నా వెనకే. పరుగెత్తాను, అదీ పరుగెత్తింది. బండరాయి ఎక్కి నిలబడితే కింద నిలబడి నా కోసం ఎదురుచూసింది. గడ్డిమోపుతో పోతున్న ఒకామె ఆగి, "ఏం టీచరమ్మా, ఇయ్యాల పట్వారిని నువ్వు తిప్పుతున్నవా?" అంది. అవునన్నాను. ఇంకేమంటాను?

అప్పుడు తట్టింది, ఇది నా కోసం కాదు, చెప్పుల కోసం వస్తోందని. విడిచేసి వట్టి కాళ్లతో నడిచాను. ముళ్లు గుచ్చుకుంటుంటే దూరం పోయి చూశాను. స్వేచ్ఛ పొందిన ఆ పక్షి మామ చెప్పుల పక్కన కాపలా కూర్చుంది.

ఇంటికొచ్చినా మనసు మనసులో లేదు. నక్క వస్తే? కుక్కలు వస్తే? తిరిగి వెళ్దామని లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. ఇంతలో మామ వచ్చి బూట్లు విప్పి ఖాళీ పంజరం చూశాడు.

"పట్వారి ఏదే?"

"ఇడిసిన మామా, కొల్హార్ దిక్కు."

"నా చెప్పులు?"

"దాని కాడనే ఉన్నయ్."

బూట్లు మళ్లీ తొడగాలన్న ధ్యాస కూడా లేకుండా బయటికి నడిచాడు. వెనకే నేను. "నక్కను జూస్తె ఉరకాలని దానికి ఎర్కలేదే. నా జేబుల పెరిగింది అది. నన్నొక మాట అడిగినవా?" అన్నాడు. తప్పు చేశానని తెలుస్తున్నా నా నోరు ఊరుకోలేదు. "అది నీదెట్లయితది మామా, అడివిది గద?" అన్నాను. "అయితె అడివిని అడిగినవా?" అన్నాడు.

పొద్దు గూకుతోంది. చెప్పులు విడిచిన చోటే ఉన్నాయి. పట్వారీ లేదు. మామ నాలుకతో టక్ టక్ అని పిలిచాడు. కాసేపటికి పొదల్లోంచి అది కూసింది. ఆ వెంటనే ఇంకా అవతల నుంచి మరో కౌజు జవాబిచ్చింది. మామ అలాగే నిలబడ్డాడు.

"ఇంకోసారి పిలువు మామా, వస్తది."

"ఇన్నొద్దులు ఇది పిలిస్తె అవి వచ్చినయ్," అన్నాడు మామ మెల్లగా. "ఇయ్యాల అవి పిలిస్తె ఇది పోయింది. పోనీ."

వంగి చెప్పులు తీసి చంకలో పెట్టుకున్నాడు. ముళ్లున్నాయి, తొడుక్కో అన్నాను. "సప్పుడైతె ఎన్కకు వస్తదే," అని ఆ చీకటి పడే వేళ ముళ్ల మీద వట్టి కాళ్లతో, పిల్లిలా అడుగులేస్తూ ఇంటికి నడిచాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు పిన్నీసుతో ఆయన పాదాల్లోంచి ముళ్లు తీస్తూ తిట్లు తిన్నాను, ముల్లుకొకటి చొప్పున. ఆ టైరు చెప్పులు మామ మళ్లీ తొడగలేదు. పంజరం వేలాడిన మేకుకే తగిలించాడు. ఇప్పుడు మామా లేడు, కొల్హార్ పొదలూ లేవు, అంతా కార్ఖానాలు. అడగకుండా అట్లా ఎలా చేశావే అని నాలోని ఆనాటి ఆ పిల్లను అప్పుడప్పుడు గట్టిగానే కోప్పడతాను. అడిగితే ఇచ్చేవాడా అని అది వెంటనే ఎదురు తిరుగుతుంది. దానికి జవాబు ఈ వయసులోనూ దొరక్క, నవ్వి ఊరుకుంటాను.